చెవి ఎండిన తరువాత

1959వ సంవత్సరం, శనక్కాయలు పెరికే రోజులు. ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నేను ప్రొద్దుటూరులో మా ఆసుపత్రి వెనక వరండాలో కూర్చుని రబ్బరు గ్లవ్సులకు పౌడరు రాస్తున్నాను. అప్పట్లో గ్లవ్సులు ఒకసారి వాడి పారేసేవి కావు. ఉతికి, నీళ్ళు నింపి చిల్లులు చూసి, చిల్లు ఉన్నచోట సైకిల్ ట్యూబుకు అతికించినట్టు చిన్న ముక్క అతికించి, ఆరబెట్టి, పౌడరు రాసి మళ్ళీ స్టెరిలైజర్‌లో పెట్టేవాళ్ళం. ఆ పని సగంలో ఉండగా వాకిట్లో జట్కా ఆగిన చప్పుడైంది.

మాది చిన్న ఆసుపత్రి. కొన్ని మంచాలు, ఒక ఆపరేషన్ థియేటరు, ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరు, ఇద్దరు నర్సులం. థియేటరు పని నాది.

ఆ డాక్టరుగారు నిరుడు పోయారు. సంతాపసభలో ఆయనను దేవుడన్నారు, ఆయన చేతిలో అమృతముందన్నారు. ఆయన వింటూ ఉంటే లేచి బయటికి వెళ్ళిపోయేవారు. ఏళ్ళ తరబడి ఆయన ఎదురుగా, బల్లకు అవతలి పక్కన నిలబడి పనిచేసినదాన్ని. ఆ మాటల్లో నాకు తెలిసిన మనిషి కనిపించలేదు. ఆయన ఎట్లా పనిచేసేవారో చెప్పడానికి ఒక కేసు చాలు.

జట్కాలోంచి ఒక యువకుడు, ఒక పెద్దావిడ కలిసి ఒక అమ్మాయిని దించారు. అమ్మాయి పేరు నారాయణమ్మ. ఇరవై దాటి ఎన్నో ఏళ్ళు ఉండవు. యువకుడు ఆమె భర్త సుబ్బరాయుడు, పెద్దావిడ అత్త ఓబుళమ్మ. పులివెందుల దగ్గర పల్లె వాళ్ళది. ముందురోజు బస్సులో ముద్దనూరుకు, అక్కణ్ణుంచి జమ్మలమడుగుకు వచ్చి, బంధువుల ఇంట్లో పడుకుని, పొద్దున మొదటి బస్సుకు మా ఊరు చేరారు. నారాయణమ్మ వెలుగు చూడలేక కొంగు కళ్ళ మీదికి లాక్కుని నడుస్తోంది.

"ఏం తల్లీ, ఏం బాధ?" అని డాక్టరుగారు అడిగారు.

"తలకాయ పగిలిపోతాండాది," అందామె.

మిగతాదంతా ఓబుళమ్మే చెప్పింది. "సిన్నప్పుటి నుంచి ఎడం సెవి కారతాండె సార్. పెండ్లప్పుడు వాళ్ళమ్మోళ్ళు ఆ సంగతి మాకు సెప్పలేదులే, అది వేరే మాట. మొన్న వాసన ఎక్కువైందని పటిక కాల్చి, పొడి సేసి, సెవిలో పోస్తిమి. దూది కూడా పెడ్తిమి. బాగా ఎండిపాయ. ఎండినాక సంతోషపడితిమి. ఆ తరువాతనే సలిజరం, వాంతులు, ఈ తలనొప్పి."

డాక్టరుగారు చెవి దీపం పెట్టి చూశారు. పటిక, చీము కలిసి గట్టిపడి లోపల బిరడా అయి కూర్చుంది.

"ఎండిపోలేదు పెద్దమ్మా, మూసుకుపోయింది. బయటికొచ్చే దారి మూస్తే చీము లోపలికి దారి చూసుకుంటాది," అన్నారు.

చెవి లోపలి గదికి పైకప్పు పలుచని ఎముక. దానికి పైన మెదడు ఉంటుంది. వెనకవైపు కూడా పలుచని గోడే, దాని అవతల చిన్నమెదడు. ఏళ్ళ తరబడి కారే చెవిలో ఆ ఎముక మెల్లగా పుచ్చి అరిగిపోతుంది. అప్పుడు చీము మెదడులోకి పాకి అక్కడ ఒక గూడు కట్టుకుంటుంది. దానినే బ్రెయిన్ యాబ్సెస్ అంటారు, మెదడులో చీముగడ్డ. చుట్టూ గట్టి తోలు ఏర్పడుతుంది కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చిన మందు లోపలికి సరిగా చేరదు. గడ్డ పెరిగితే పుర్రె లోపల చోటు చాలదు. పుర్రె సాగదు కదా.

డాక్టరుగారు నాడి చూశారు. ఒళ్ళు కాలిపోతున్నా నాడి నెమ్మదిగా కొడుతోంది. జ్వరంలో నాడి వేగంగా కొట్టాలి. నెమ్మదిస్తే తలలో ఒత్తిడి పెరిగిందని గుర్తు. ఆఫ్తాల్మోస్కోప్‌తో, అంటే కంటి లోపలి అడుగును చూసే చిన్న దీపంతో, చాలాసేపు చూశారు. కంటి నరం మొదలు ఉబ్బి ఉంది. నేను వెన్నులో నీళ్ళు తీసే సూది సిద్ధం చేయబోతే వద్దన్నారు. పైన అంత ఒత్తిడి ఉన్నప్పుడు కింద వెన్నులో నీళ్ళు తీస్తే మెదడు కిందికి జారి, మెడ దగ్గర ఇరుక్కుని, మనిషి అక్కడే పోవచ్చు.

"నీ పేరేందమ్మా?"

"నారాయణమ్మ."

"ఇతను ఎవరు?"

"మా ఇంటాయన."

"పేరు?"

నారాయణమ్మ తలవంచుకుంది. ఓబుళమ్మ నవ్వింది. "బాగుండాది సార్ మీరడిగేది! మా ముందర మొగుని పేరెట్ల సెప్తాది?" డాక్టరుగారు కూడా నవ్వి, "పొరపాటైందిలే," అని వదిలేశారు. మా వైపు భార్య భర్త పేరు ఎత్తదు. అత్తమామల పేర్లు కూడా ఎత్తదు. అందులో మాకు వింత ఏమీ కనిపించలేదు.

గడ్డ ఉందనే విషయంలో ఆయనకు సందేహం లేదు. ఎక్కడుందన్నదే సందేహం. చెవికి పైనా, వెనకా? నడిపిస్తే కొంచెం తూలుతోంది, నడకలో నిలకడ చిన్నమెదడు పని కాబట్టి అది చూస్తే వెనక అనిపిస్తుంది. అయితే అన్నం తినని మనిషి ఎవరైనా తూలుతారు. మద్రాసులో పెద్ద ఆసుపత్రిలో మెదడుకే వేరే సర్జన్ ఉన్నారు. అక్కడ మెదడు లోపలికి గాలి పంపి ఎక్స్‌రే తీసి చూస్తారు. డాక్టరుగారు కొంతకాలం అక్కడ పనిచేసి వచ్చినవారే. పంపడమే మంచిదని, ఆ లోపల మందులు మొదలుపెట్టారు. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు. నోటికి క్లోరాంఫెనికాల్. వాచిన మెదడులోంచి నీరు లాగడానికి నరంలోకి చిక్కటి గ్లూకోజ్. అది కొన్ని గంటల ఊరట మాత్రమే, వైద్యం కాదు.

మధ్యాహ్నం ముందు వరండాలో గొడవ మొదలైంది. ఓబుళమ్మ కొడుకుతో అంటోంది:

"నువ్వు ఆయమ్మను నెత్తికెక్కిచ్చుకుంటివి. సచ్చేంత తలనొప్పిలో గూడా నా మింద ఎగతాళి పోలేదు. సెంబు తెమ్మంటే, 'నీళ్ళు తాగేదా?' అంటాది. నీళ్ళు తాగేది గాక సెంబు ఇంకేంటికిరా?"

"ఊరుకోమ్మా, ఆసుపత్రిలో ఏందిది," అన్నాడు సుబ్బరాయుడు.

"ఆసుపత్రిలో గాబట్టి మెల్లగా అంటాండా. ఇంట్లో అయితే ఊరంతా వినబడేది."

డాక్టరుగారు లోపల చేతులు కడుక్కుంటున్నారు. కుళాయి కట్టేసి, తడి చేతులతోనే బయటికి వచ్చారు.

"పెద్దమ్మా, ఇట్ల రా. కోడలి మీద నీకు ఏమేం కోపాలున్నాయో అన్నీ చెప్పు."

ఓబుళమ్మ ఆయన వంక అనుమానంగా చూసింది. "ఎందుకు సార్, పంచాయితీ సేస్తారా?"

"చేస్తా. చెప్పు."

అట్లా అడిగే మనిషి ఆమెకు జన్మలో దొరికి ఉండరు. గడప మీద కూర్చుని మొదలుపెట్టింది. కొడవలి ఇయ్యమంటే 'కోసేది' అని చేతికిచ్చిందట. దువ్వెన ఏదంటే, 'తల... తల చేసుకునేది' అని నసిగిందట. ఎదురింటామె బిడ్డను ఎత్తుకుని, ఆ బిడ్డ పేరు చెప్పకుండా 'ఈ పిల్ల, ఈ పిల్ల' అంటే ఆమెకు కోపమొచ్చిందట. కొలిమిలో పెట్టినట్టు తల కాలుతోందని మాత్రం వాగుతూనే ఉందట.

"ఇదంతా ఎప్పటి నుంచి?"

"శనక్కాయలు పెరకబట్టినప్పుటి నుంచి. అంతకు ముందర నోట్లో నాలుక లేనట్టుండె."

"చెవి ఎండిన తరువాతనా?"

ఓబుళమ్మ కొంచెం ఆలోచించింది. "ఆ... ఎండినాకే."

డాక్టరుగారు నన్ను పిలిచి చేతికందిన వస్తువులు తెమ్మన్నారు. దువ్వెన, బీగంచెవి, కత్తెర, చెంబు తీసుకుని నారాయణమ్మ మంచం దగ్గరికి వెళ్ళాం. దువ్వెన చూపించారు.

"ఇదేందమ్మా?"

"తలకు... ఇట్ల..." అని చేత్తో దువ్వి చూపించింది.

"దాని పేరు?"

పెదవులు కదిలాయి. మాట రాలేదు. బీగంచెవి చూపిస్తే, "వాకిలి తెరిసేది," అంది. కత్తెర చూపిస్తే, "గుడ్డకు," అంది. చెంబు చూపించేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సూడండి సార్, ఇట్లనే!" అంది ఓబుళమ్మ వెనక నుంచి.

"ఎగతాళి కాదు పెద్దమ్మా. అది ఏమిటో ఆ బిడ్డకు తెలుసు. దేనికి వాడేదీ తెలుసు. పేరే దొరకడంల్యా. కుడిచేత్తో పనిచేసే మనుషులకు వస్తువుల పేర్లన్నీ ఎడమ చెవికి పైన మెదడులో ఉంటాయి. చీము ఆడ కూర్చోనుంది."

ఓబుళమ్మ చెంబు నా చేతిలోంచి తీసుకుని, నీళ్ళు పోసి, కోడలి నోటికి అందించింది.

బయటికి వచ్చాక డాక్టరుగారు అన్నారు: "పొద్దున మొగుని పేరు అడిగినాం సిస్టర్. చెప్పకపోతే మర్యాద అనుకుంటిమి. మర్యాదో, రోగమో ఆ ప్రశ్నతో తేలదు. మన ఊళ్ళలో ఆ ప్రశ్న పనికిరాదు."

ఆ వెంటనే ఆయన పోస్టాఫీసుకు వెళ్ళి మద్రాసుకు ట్రంక్‌కాల్ బుక్ చేశారు. లైను కలవడానికి పూటంతా పట్టేది. వెళ్తూ నాకొక పని అప్పగించారు. మా దగ్గర పుర్రెకు రంధ్రం చేసే చేతి బర్మా ఉంది. కర్రల కొట్లాటల్లో తలలు పగిలి వచ్చేవాళ్ళ కోసం తెప్పించింది. మెదడులోకి దించే సూది మాత్రం లేదు. అది మామూలు సూదిలా వాడిగా ఉండకూడదు. మొన గుండ్రంగా, మొద్దుగా ఉండాలి. ఉన్న పొడవాటి సూదికి మొన అరగదీయించి తెమ్మన్నారు.

బంగారు అంగళ్ళ సందులో ఖాదర్ సాబు అని సన్నపని చేసే ముసలాయన ఉండేవాడు. సూది ఇచ్చి చెప్పాను.

"మొన పదును సేయమనేటోళ్ళను సూసినా గానీ, మొద్దు సేయమనేటోళ్ళను సూడలేదమ్మా. కుట్టని సూదితో ఏం పని మీకు?"

"మెదడులోంచి పోవాల సాబూ. మెదడు వెన్న మాదిరి మెత్తగా ఉంటాది. దారిలో సన్న నెత్తురు నరాలుంటాయి. వాడి సూదైతే తెంపుతాది. మొద్దుదైతే అవి పక్కకు జరుగుతాయి."

ఖాదర్ సాబు సూదిని కింద పెట్టేశాడు. "ఎవరికమ్మా?"

"పులివెందుల కాడి అమ్మాయికి. మీ చిన్న కూతురి ఈడు ఉంటాది."

ఆయన ముందున్న గొలుసు పక్కకు నెట్టి, సూది చేతిలోకి తీసుకున్నాడు. అరగదీసి, మెరుగుపెట్టి, పలచని మల్లుగుడ్డ మీద మొన పెట్టి లాగాడు. పోగు లేచింది. మళ్ళీ అరగదీశాడు. పోగు ఒక్కటీ లేవకుండా గుడ్డ మీద జారేదాకా అట్లా చేస్తూనే ఉన్నాడు. "ఈ పనికి కూలి మాట ఎత్తొద్దు, పో. బిడ్డ బతికినాక వచ్చి సెప్పు," అన్నాడు.

డాక్టరుగారు సాయంత్రం పోస్టాఫీసు నుంచి వచ్చారు. గొంతు బొంగురుపోయింది. లైనులో గరగరమంటూ ఉంటే, పోస్టాఫీసులో ఉన్నవాళ్ళందరూ వింటుండగా నారాయణమ్మ తలలో సంగతంతా అరిచి చెప్పారట. అటువైపు సర్జన్ చెప్పింది ఒక్కటే: ప్రయాణానికి ఓర్చుకునేటట్టుంటే పంపండి, మగత ఎక్కువైతే మాత్రం రైలు ఎక్కించకండి, అక్కడే చీము తీసి తరువాత పంపండి.

మరునాడు ముద్దనూరులో మద్రాసు రైలు ఎక్కించాలనుకున్నాం. తెల్లవారి నేను పెన్సిలిన్ వేయడానికి వెళ్ళి పిలిస్తే నారాయణమ్మ పలకలేదు. గట్టిగా గిల్లితే ముఖం చిట్లించింది, కళ్ళు తెరవలేదు. రెప్పలెత్తి దీపం వేసి చూశాను. ఎడమ కంటి పాప కుడిదానికంటే పెద్దదయింది. దాని అర్థం, మెదడు ఆ పక్కన కిందికి నెట్టుకొస్తోందని. డాక్టరుగారు వచ్చి చూసి, సుబ్బరాయుణ్ణి పక్కకు పిలిచారు.

"రైలు లేదప్పా ఇంక. ఈడనే సూది దించి చీము తీయాల, ఇప్పుడే."

"సూదేస్తే బతుకుతాదా సార్?"

"వేయకపోతే బతకదు. వేస్తే బతకొచ్చు. వేసినా పోవచ్చు. బతికినా మాట పూర్తిగా రాకపోవచ్చు. నేను ఇంతకు ముందు మద్రాసులో పక్కన నిలబడి చూసినా, అందిచ్చినా. ఒంటరిగా చేయడం ఇదే మొదలు. అది గూడా నీకు తెలియాల."

సుబ్బరాయుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఓబుళమ్మ ముందుకు వచ్చింది.

"మాట రాకపోతే ఆయమ్మవి గూడా నేనే మాట్లాడతాలే. సేయండి సార్."

నేను క్షవరం కత్తి తీసుకుని చెవి పైన జుట్టు గీయబోయాను. ఓబుళమ్మ నా చేయి పట్టుకుంది. ముత్తైదువ తల గొరగనివ్వదేమో అనుకున్నాను. ఆమె గొడవ వేరే. "సగం గుండు యాడన్నా ఉంటాదా నర్సమ్మా? తీస్తే మొత్తం తియ్. కొండసామికి మొక్కుకుంటా. అడిగితే మొక్కుబడనే సెప్తా అందరికీ." మొత్తం తీశాను. జడను ఆమె పసుపుగుడ్డలో చుట్టుకుని ఒడిలో పెట్టుకుంది.

మత్తు ఇవ్వలేదు. ఈథర్ వాసన పట్టిస్తే తలలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. చర్మం కింద నోవొకైన్ మాత్రమే వేశారు. అది ఆ చోటును మొద్దుబారుస్తుంది. డాక్టరుగారు ఎడమ చెవికి పైన, కొంచెం ముందుకు, చర్మం కోసి, బర్మా తిప్పారు. ఎముక తడి పొడిలా రాలింది. నేను సెలైన్ పోస్తూ తుడుస్తున్నాను. చిన్న నాణెం అంత రంధ్రం పడింది. దానిని బర్ హోల్ అంటారు. లోపల డ్యూరా కనిపించింది, మెదడును కప్పి ఉండే గట్టి పొర. మామూలుగా అది గుండెతో పాటు కదులుతూ ఉంటుంది. ఇక్కడ బిగదీసిన తప్పెట చర్మంలా ఉబ్బి, కదలకుండా ఉంది.

పొరను కోసి, ఖాదర్ సాబు సూదిని లోపలికి దించారు. నెమ్మదిగా, నేరుగా. ఏమీ రాలేదు.

మెదడు లోపల సూదిని పక్కలకు తిప్పకూడదు. తిప్పితే దారిలో ఉన్నదంతా చిరుగుతుంది. మొత్తం వెనక్కి తీసి, మళ్ళీ కొత్త దారిలో దించాలి. ఆ దించే సార్లు కూడా ఎక్కువ ఉండకూడదు. ఆయన సూది బయటికి తీశారు. నేను ఆయన ముఖం చూడలేదు. నారాయణమ్మ నాడి మీదే నా వేళ్ళు పెట్టాను. అది ఇంకా నెమ్మదించింది.

"చీము ఎముకను యాడ తినేసిందో ఆడనే కదా దిగింటాది," అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఈసారి సూది మొనను కిందికి, చెవి పైకప్పు వైపు చూపి దించారు. కొంత దూరం పోయాక ఆయన చేయి ఆగింది.

"గోడ తగిలింది సిస్టర్."

కొంచెం ఒత్తారు. లోపల ఏదో వదిలినట్టయింది. మేము లాగకముందే ఆకుపచ్చటి చీము తనంతట తానే బయటికి వచ్చింది. ఆ వాసనకు గుమ్మం బయట ఉన్న కాంపౌండరు ముక్కు మూసుకున్నాడు. నాకు ఆ వాసన అంత మంచిగా ఎప్పుడూ అనిపించలేదు. డాక్టరుగారు తొందరపడలేదు. సిరంజితో గట్టిగా పీల్చితే గడ్డ లోపల రక్తనాళాలు చిట్లుతాయి. రానిచ్చినంత రానిచ్చి, మిగిలింది మెల్లగా తీసి, పలచగా కలిపిన పెన్సిలిన్ లోపల వదిలారు. పలచగా ఎందుకంటే, చిక్కటిదైతే మెదడుకు తగిలి మూర్ఛలు వస్తాయి.

కుట్లు వేస్తుండగా నారాయణమ్మ కుడిచేయి కదిలింది. నా చీర కొంగు దొరికితే పట్టుకుని లాగింది. దీపం వేసి చూస్తే ఎడమ కంటి పాప చిన్నదవుతోంది.

బయటికి రాగానే ఓబుళమ్మ నా చేతిలోని ట్రే మీద గుడ్డ తీయమంది. వద్దన్నా వినలేదు. గుడ్డ ఎత్తి గిన్నెలోని చీమును చూసింది.

"ఇంత తలకాయలో పెట్టుకోని సేన్లో శనక్కాయలు పెరికినాది. నేను సోమరిపోతనుకుంటి," అంది.

ఒక్కసారి తీస్తే అయిపోయే పని కాదు. గడ్డలో మళ్ళీ చీము చేరుతుంది. అదే రంధ్రంలోంచి, ఒకటి రెండు రోజులకోసారి, సూది దించి తీస్తూ, ప్రతిసారీ పెన్సిలిన్ పెడుతూ వచ్చారు. చీము తగ్గుతూ, పలచబడుతూ వచ్చింది. మందులు ఆపలేదు. నేను రోజూ పొద్దున వస్తువుల బుట్ట తీసుకుని వెళ్ళేదాన్ని. ఆమె కళ్ళు తెరిచి మొదట అన్నమాట "నీళ్ళు". తరువాత "సెంబు" వచ్చింది. వచ్చాక అది పోలేదు. దువ్వెన చూపించినా సెంబే, కత్తెర చూపించినా సెంబే. తప్పని తెలిసి తనే తల అడ్డంగా ఊపేది, మళ్ళీ సెంబనే అనేది.

"సెంబే అనుకో పోవే," అనేది ఓబుళమ్మ. "సెంబుతో తల దువ్వుకుందాం. గుండే గదా!"

నారాయణమ్మ నవ్వేది. ఆ నవ్వులో కుడివైపు పెదవి కొంచెం వెనకబడేది. రోజులు గడిచేకొద్దీ రెండు వైపులా సమంగా నవ్వింది. బీగం వచ్చింది, కత్తెర వచ్చింది. మనుషుల పేర్లు మాత్రం ఇంకా రాలేదు. ఎదురింటి బిడ్డ పేరు అడిగితే "ఆ పిల్ల" అనే అంటోంది. పేర్లు రాకపోతే గడ్డ పూర్తిగా తగ్గలేదేమోనని డాక్టరుగారికి గుబులు.

ఒక ఉదయం రౌండ్సులో ఆయన సుబ్బరాయుణ్ణి చూపించి, "అడగగూడదని తెలుసు. అయినా అడుగుతా. పేరేంది?" అన్నారు.

నారాయణమ్మ తలవంచుకుంది.

"సెప్పవే," అంది ఓబుళమ్మ. "నా ఎదురుగ్గానే సెప్పు, నేనేమీ అనుకోను. డాక్టరు కోసం సెప్పు. తప్పుంటే అది నా మింద ఏసుకుంటా."

నారాయణమ్మ భర్త వంక చూసింది. డాక్టరుగారి వంక చూసింది. తరువాత అత్త వంక తిరిగి, నిదానంగా, ఒక్కొక్క అక్షరం విడదీసి అంది:

"ఓబుళమ్మ."

అత్తను పేరు పెట్టి పిలవడం! ఓబుళమ్మ డాక్టరుగారి వైపు తిరిగింది.

"సూస్తివా సార్, సూస్తివా! మొగుని పేరు నోట్లోనే దాసిపెట్టుకుని నా పేరు పెడతాండాది! గుండు కొట్టిచ్చుకున్నా పొగరు పోలేదు దీనికి!" అంటూనే ఏడ్చేసింది. సుబ్బరాయుడు మొదట నవ్వాడు. డాక్టరుగారు స్టెతస్కోపు మెడలోంచి తీసి చేతిలో పట్టుకుని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అటు చూస్తూనే, "సరిపోయింది పెద్దమ్మా. మనిషి పేరు దొరికింది. మొగుని పేరు చెప్పకపోవడం రోగం కాదు, మర్యాద," అన్నారు.

తరువాత వాళ్ళు ముద్దనూరులో రైలెక్కి మద్రాసు వెళ్ళారు. చెవి బాగుచేయకపోతే గడ్డ మళ్ళీ వస్తుంది. అక్కడ మాస్టాయిడ్ ఆపరేషన్ చేశారు, అంటే చెవి వెనక పుచ్చిపోయిన ఎముక తొలగించారు. ఆ చెవికి వినికిడి పోయింది. మూర్ఛలు రాకుండా చాలా ఏళ్ళు మాత్రలు వేసుకోవలసి వచ్చింది. కొన్ని పేర్లు ఎప్పటికీ తడబడుతూనే ఉండేవి. జమ్మలమడుగు అనడానికి బదులు "ఏటి పక్క ఊరు" అనేది. ఇవి లేకుండా బాగైందని చెబితే అబద్ధమవుతుంది. అయితే ఆమె బతికింది, సేద్యం చేసింది, ఇద్దరు పిల్లలను పెంచింది. ఖాదర్ సాబుకు చెప్పడానికి నేను వెళ్తే ఆయన నన్ను చూడగానే, "సెప్పొద్దు, నీ మొగంలోనే ఉండాది," అన్నాడు.

ఈ కేసు తరువాత డాక్టరుగారి పనిలో ఒక మార్పు వచ్చింది. చెవి కారే మనిషి తలనొప్పితో వస్తే, వెంట వచ్చినవాళ్ళను బయటికి పంపేవారు కాదు. కూర్చోబెట్టి, "ఈ మధ్య ఈ మనిషి మీద మీకు ఎందుకు కోపమొచ్చింది?" అని అడిగేవారు. చాలామందికి ఆ ప్రశ్న వింతగా ఉండేది. కొందరు నొచ్చుకునేవాళ్ళు కూడా. జవాబుల్లో ఎక్కువ భాగం ఉత్త కోపాలే. ఆయన మాత్రం మధ్యలో ఆపకుండా వినేవారు. రోగి తన రోగాన్ని చెప్పలేని స్థితిలో ఉంటే, ఆ రోగం వల్ల ఇబ్బంది పడినవాళ్ళు దానిని తమకు తెలియకుండానే చెబుతారని ఆ అత్త దగ్గర నేర్చుకున్నాం. ఎవరి కోపాన్నీ చిన్న విషయమని తోసేయకూడదని నేను నేర్చుకున్నాను. నా ఇంట్లో కూడా అది నాకు పనికొచ్చింది.

ఇప్పుడు స్కాను ఉంది. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో, ఎన్నున్నాయో పడుకోబెట్టిన కాసేపట్లో కనిపిస్తుంది. అది చాలా మంచి విషయం. ఒక్కసారి తప్పు దారిలో దిగిన సూదిని నేను చూశాను కాబట్టి ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. పుర్రెకు ఎక్కడ రంధ్రం చేయాలో రోగి పలకలేని మాటలను బట్టి నిర్ణయించడం ఇప్పుడు లేదు.